బ్రెజిల్ సంగీతం: లిఫ్టులో వినిపించేది దాటి ఎటు వెళ్లాలి?

కాసియో_కుర్రాడు

అందరికీ నమస్కారం. నా చిన్నప్పుడు మా మావయ్య కువైట్ నుంచి వస్తూ చిన్న కాసియో కీబోర్డు తెచ్చాడు. రాక్, డిస్కో, వాల్ట్జ్, బోసా నోవా, సాంబా అని వరసగా రిథమ్ బటన్లు ఉండేవి. డిస్కో బటన్ అరిగిపోయింది, మిగతావి కొత్తగానే ఉండిపోయాయి. బోసా నోవా అన్నది ఒక దేశం వాళ్ల సంగీతమని మొన్నమొన్నటిదాకా నాకు తెలీదు. కీబోర్డు కంపెనీవాళ్లు పెట్టుకున్న పేరనుకున్నా.

పోయిన వారం ఆఫీసు లిఫ్టులో అదే దరువు వినిపించింది. ఫోన్‌కి వినిపిస్తే ఇపనేమా అమ్మాయి పాట అని చెప్పింది. ఇంటికొచ్చి ఆ 1964 రికార్డు మొత్తం విన్నా. అమెరికా శాక్సఫోన్ ఆయన స్టాన్ గెట్జ్, బ్రెజిల్ గాయకుడు, గిటారిస్టు జొవావ్ జిల్బెర్తో, ఇద్దరూ కలిసి చేసింది. ఈ జొవావ్ పాడుతున్నాడా, లేక పక్కగదిలో పిల్లాడు నిద్రపోతున్నాడని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడా అర్థం కాలేదు. మా అమ్మ వంటింట్లోంచి "ఎవరికిరా ఒంట్లో బాలేదు?" అంది. అయినా రాత్రి మళ్లీ పెట్టుకున్నా.

"తప్పక వినాల్సిన 100 ఆల్బమ్‌లు" టైపు లిస్టులు వద్దు, అవి బోలెడు దొరుకుతున్నాయి. ఎలా వినాలో చెప్పండి.

మృదంగం67

మీ అమ్మగారి ప్రశ్న కొత్తదేం కాదు బాబూ. 1958లో ఈ జొవావ్ బోసా నోవా మొదటి రికార్డు వచ్చినప్పుడు, దాన్ని అమ్మిపెట్టాల్సిన పెద్దమనిషే "జలుబు చేసినవాళ్లతో ఎందుకు పాడిస్తారు?" అని విసుక్కున్నాడని చెబుతారు.

దరువు వైపు నుంచి చెబుతాను, నాకు తెలిసింది అదే. సాంబా రెండు దెబ్బల తాళం. మనకి బరువు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడుతుంది, వాళ్లకి రెండో దెబ్బ మీద. వీధి సాంబాలో సుర్దో అనే పెద్ద డోలు ఆ రెండో దెబ్బని దబ్బుమని వేస్తుంది. దాని మీద టాంబొరిమ్ అని సాసరంత వాయిద్యం, పుల్లతో కొడతారు, ఎదురుదెబ్బలు వేస్తూ పోతుంది. జొవావ్ ఏం చేశాడంటే, వందలమంది కలిసి చేసే ఆ మోతని ఒక్క గిటార్ మీదికి దించాడు. బొటనవేలు సుర్దో, మిగతా వేళ్లు అన్నీ కలిపి లాగితే టాంబొరిమ్. దియమంతీనా అనే ఊళ్లో సోదరి ఇంట్లో ఉన్న రోజుల్లో స్నానాలగది తలుపేసుకుని గంటల తరబడి సాధన చేశాడట. ఆ గోడలకి గొంతు ఎంత చిన్నగా పలికినా తిరిగొస్తుంది కదా.

ఇక గొంతు సంగతి. మన దగ్గర అతీతం, అనాగతం ఉన్నాయి, ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, సమానికి ముందో వెనకో పడుతుంది. కానీ ఒకసారి ఖాయమైతే ప్రతి ఆవర్తనంలో అక్కడికే రావాలి. ఈయనకి ఆ కట్టుబాటు లేదు. ఒక పాదం తొందరపడి అందుకుంటాడు, తర్వాతది వెనకబడతాడు, గిటార్ మాత్రం గోడగడియారంలా పోతూనే ఉంటుంది. పడిపోతాడేమో అనుకున్నచోట వచ్చి కలుస్తాడు.

ఒక పని చెయ్యి. 1973లో ఆయన పేరుతోనే వచ్చిన ఆల్బమ్ పెట్టు. గిటార్, గొంతు, పక్కన సన్నగా తాళం, అంతే. మొదటి పాట "మార్చి నీళ్లు". బొటనవేలి దెబ్బని తొడ మీద వేస్తూ, ఆయనతోపాటు కూనిరాగం తీసి చూడు. నాకు మృదంగం మీద 40 ఏళ్లు. మూడో పాదానికి చెయ్యి తప్పింది.

సావోపాలో_రిటర్న్

మాస్టారు చెప్పింది బంగారం. కానీ బోసా నోవాతో మొదలెట్టడమంటే భవనాన్ని మూడో అంతస్తునుంచి చూడటం. అది రియోలో కోపకబానా అనే సముద్రతీరపు పేట అపార్టుమెంట్లలో పుట్టింది, పక్కింటివాళ్లు గోడ కొట్టకుండా పాడుకునే సంగీతం. సాంబా అలా కాదు, పెరటిది. రియోలో ప్రాసా ఓన్‌జి దగ్గర సియాతా అత్త ఇల్లు అని ఉండేది. ఈశాన్యంలోని బహియా రాష్ట్రం నుంచి వలసొచ్చిన నల్లజాతి ఆడవాళ్లు నడిపిన ఇళ్లలో పేరున్నది. ముందు గదిలో మర్యాదస్తుల డాన్సు, పెరట్లో డోళ్లు. అక్కడ తిరిగే డోంగా 1916లో ఒక పాటని జాతీయ గ్రంథాలయంలో తన పేరున రిజిస్టరు చేయించాడు. టెలిఫోను మీద పాట. మొదటి సాంబా రికార్డు అంటే ఎక్కువమంది చెప్పేది అదే. ఆ పాట అందరం కలిసి కట్టామని మిగతావాళ్లు గొడవపడ్డారు, ఆ గొడవ నేటికీ తెగలేదు.

అప్పట్లో డోలు పట్టుకుని తిరిగితే పోలీసులు పట్టుకునేవాళ్లు. జొవావ్ ద బయానా అనే ఇంకో ఆయన పండేరో, కంజిర లాంటి వాయిద్యం, లాగేసుకున్నారు. ఆ రాత్రి ఒక సెనేటరు ఇంట్లో వాయించాల్సి ఉంది. ఎందుకు రాలేదని సెనేటరు ఆరా తీసి, తన పేరు చెక్కించిన కొత్త పండేరో చేయించి ఇచ్చాడు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఏ పోలీసుకీ లేకపోయింది.

నేను మూడేళ్లు సావో పాలోలో ప్రాజెక్టు మీద ఉన్నా. మొదటి ఏడాదంతా రైస్ కుక్కరూ నేనూ. తర్వాత కొలీగ్ ఒకడు రియో లాక్కెళ్లాడు. సోమవారం రాత్రి పెద్రా దో సాల్ అనే రాతిమెట్ల దగ్గర సాంబా కూర్చుంటుంది. కూర్చుంటుంది అనే అనాలి, ఎందుకంటే స్టేజీ లేదు. ఒక బల్ల, చుట్టూ వాయించేవాళ్లు, బల్ల మీద బీరు సీసాలు. జనం వాళ్ల వీపుల్ని ఆనుకుని నిలబడి ప్రతి పాటా మొదట్నించి చివరిదాకా పాడతారు. నా పక్కన ఒక ముసలాయన అగ్గిపెట్టె రెండు వేళ్లతో పట్టుకుని మూడో వేలితో కొడుతున్నాడు. అంత గోలలో అది వినిపించింది.

కుర్రాడూ, నువ్వు కార్తోలా దగ్గర మొదలెట్టు. పాటలు కట్టి పాడేవాడు, మంగేరా సాంబా స్కూలు (కార్నివాల్ ఊరేగింపు బృందం) పెట్టినవాళ్లలో ఒకడు. పాటలు అమ్ముకున్నాడు, కనపడకుండా పోయాడు, చచ్చిపోయాడనుకున్నారు. 1950ల్లో ఒక జర్నలిస్టు చూసేసరికి ఇపనేమాలో కార్లు కడుగుతున్నాడు. మొదటి ఆల్బమ్ 1974లో, 65 ఏళ్లకి. 1976 ఆల్బమ్ అట్ట మీద భార్యతో కిటికీలో ఉంటాడు, అది విను. అందులో గులాబీలు మాట్లాడవు అనే పాట ఒకటి ఉంది. వివరించను.

బెజవాడ_పాతరేడియో

ఈ సంగీతం మీద ఎవరు రాసినా "సౌదాజి" అనే మాట తెచ్చి, దీనికి ప్రపంచంలో ఏ భాషలోనూ సాటి పదం లేదని మొదలెడతారు. విసుగొచ్చింది. దేశం విడిచిన వారం రోజులకి గోంగూర గుర్తొచ్చి గొంతులో అడ్డం పడేదాన్ని ఏమంటారండీ?

నైట్‌షిఫ్ట్_నళిని

బెంగ అంటారు రేడియో గారూ 😄 పిల్లలు "అమ్మ మీద బెంగపెట్టుకున్నారు" అన్నప్పుడు అదే కదా. లేనిదాని మీద ప్రేమ, జ్వరం కూడా తెప్పిస్తుంది. మాస్టారు చెప్పిన జొవావ్ 1958 పాట పేరులో ఉన్నదీ ఆ సౌదాజే, దానికి నా తెలుగు: "ఇక చాలు ఈ బెంగ". దాని స్వరం టామ్ జోబిమ్‌ది, మాట వినీసియస్ జి మొరాయిస్‌ది. ఈయన ఉద్యోగరీత్యా దౌత్యవేత్త. పాట మొదటి సగం మైనరు స్వరాల్లో, దిగులుగా. వదిలివెళ్లిన ఆమె తిరిగొస్తే ఎలా ఉంటుందో ఊహించుకునే సగానికి వెలుగుగా ఉండే మేజరుకి మారుతుంది. మాటలు తెలీనప్పుడే నాకది అర్థమైంది, ఎవరో కిటికీ తీసినట్టు.

ఇంకో మాట. ఇపనేమా పాటలో ఇంగ్లీషులో పాడింది ఆస్త్రుద్, అప్పటికి జొవావ్ భార్య. సింగిల్ రికార్డు వేసేటప్పుడు జొవావ్ పోర్చుగీసులో పాడిన చరణం కత్తిరించారు, అది ప్రపంచమంతా మోగింది. లిఫ్టుల్లో వినేది ఎక్కువగా ఆ కత్తిరించినదే. ఆల్బమ్‌లో పూర్తిగా ఉంది.

అనంత_ఉరుము

అందరూ రియో గురించే చెప్తాండారు. ఈశాన్యం సంగతి ఎవురూ ఎత్తల్యా. ఆడ సెర్తావ్ అని ఉంది, వానల్లేని నేల. లూయిజ్ గొంజాగా అని అకార్డియన్ వాయించేటోడు, తోలు టోపీ పెట్టుకోని. ఎంబడి జబుంబా డోలు, ఇనప ముక్కోణం, అంతే మేళం. 1947లో "తెల్లరెక్క" అని పాట చేసినాడు. కరువుకి పశువులు సచ్చిపాయ, ఆ పక్షి కూడా ఎగిరిపాయ, నేనూ పోతాండా, వాన పడితే తిరిగొస్తా అని. నేను కల్యాణదుర్గం పక్కనోణ్ణి. బెంగుళూరు బస్సెక్కిన ప్రతి ఇంటికీ ఈ పాట తెలుసు, బాస ఏదైతేనేం.

ఇంగొకటి. సాంబాలో కుయీకా అని ఉంటాది, కోతి కిచకిచమన్నట్టు అరుస్తాది. డోలు లోపల చర్మానికి సన్న పుల్ల కట్టి, తడిగుడ్డతో దాన్ని రుద్దుతారు. మా పక్క ఉరుము కూడా ఒగ పక్క కొట్టేది కాదు, వంకర పుల్లతో రుద్దేదే. మా తాత వాయిస్తాంటే గుర్రుమని భూమిలోంచి వచ్చినట్టుండేది. అది గుర్రు, ఇది కిచకిచ. రుద్దే బుద్ధి మాత్రం ఒకటే.

మృదంగం67

ఉరుము మాట ఎత్తారు, సంతోషం. పండేరోకి మన కంజిర దగ్గర బంధువులా కనిపిస్తుంది కానీ చెయ్యి వేరు. కంజిర ఒకే జత బిళ్లలు, ఉడుము చర్మం, తడిపి శ్రుతి దించుతాం. పండేరోకి చుట్టూ బిళ్లలే, వాటి చప్పుడు ఎప్పుడు ఆపాలన్నదే అక్కడ విద్య.

బెజవాడ_పాతరేడియో

ఇదంతా బాగుంది. 1967 తర్వాత ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చి పాడుచేశాయని నా అభిప్రాయం. ఆ తర్వాతది ఎక్కడైనా దొరికే రాకే.

నైట్‌షిఫ్ట్_నళిని

మీకు తోడు చాలామంది ఉన్నారండీ. 1967 జులైలో సావో పాలో వీధుల్లో ఎలక్ట్రిక్ గిటార్‌కి వ్యతిరేకంగా ఊరేగింపే తీశారు. ముందువరసలో గాయని ఎలిస్ రెజీనా. తమాషా ఏంటంటే అందులో నడిచిన గాయకుడు జిల్బెర్తో జిల్, ఆ అక్టోబరులో టీవీ పాటల పోటీకి వచ్చి ఓస్ ముతాంచెస్ అనే రాక్ కుర్రాళ్లతో పాడాడు. పాట కపోయెరా అనే యుద్ధకళ తాళంలో, బెరింబావ్ అనే ఒంటితీగ విల్లు వాయిద్యం పక్కనే ఎలక్ట్రిక్ గిటార్. కథ ఒక ఆదివారం తిరనాళ్లలో జరిగిన హత్య. అదే పోటీలో అతని స్నేహితుడు, గాయకుడు కాయెతానో వెలోజో ఇంకో రాక్ బృందంతో. మర్నాటికి దేశంలో అందరూ దీని గురించే కొట్టుకున్నారు. ఆ ఉద్యమం పేరు త్రొపికాలియా, 1968లో అందరూ కలిసి చేసిన ఆల్బమే దాని జెండా. అన్నిట్నీ కలుపుతున్నారని తిడితే వాళ్లు 1928 నాటి రచయిత ఓజ్వాల్ద్ జి ఆంద్రాజి మేనిఫెస్టో చూపించేవాళ్లు. పరాయివాణ్ణి అనుకరించొద్దు, తినేసి అరిగించుకో అని దాని సారాంశం.

1968 డిసెంబర్ 13న సైనిక ప్రభుత్వం హక్కుల్ని రద్దుచేసే అయిదో నంబరు శాసనం తెచ్చింది. రెండు వారాల్లో జిల్‌నీ కాయెతానోనీ అరెస్టు చేశారు. 1969లో లండన్‌కి వెళ్లగొట్టారు, 1972కి గానీ తిరిగి రాలేదు. అదే జిల్ 2003లో సాంస్కృతిక మంత్రి.

గాయకుడు షీకో బుఆర్కె కొంతకాలం ఇటలీలో ఉండి 1970లో తిరిగొచ్చాక సెన్సారుతో దాగుడుమూతలు ఆడాడు. 1973లో జిల్‌తో కలిసి రాసిన పాటలో "పానపాత్ర" అనే మాటా "నోరుముయ్" అనే మాటా పోర్చుగీసులో చెవికి ఒకటే. స్టేజీ మీద పాడబోతే మైకులు కట్ చేశారు. ఎక్కడైనా దొరికే రాక్‌కి అంత భయపడతారా చెప్పండి.

బెజవాడ_పాతరేడియో

నళిని గారూ, రాత్రి ఆ 1968 ఆల్బమ్ విన్నాను. సగం చెవిపోటు. సగం మళ్లీ వింటాను. ఇంతకంటే ఒప్పుకోను.

సావోపాలో_రిటర్న్

😂 రేడియో గారికి మెత్తగా 1972 నాటి "క్లూబి ద ఎస్కీనా" ఇవ్వండి, మిల్టన్ నాసిమెంతో, లో బోర్జెస్‌ది. అట్ట మీద ఇద్దరు పిల్లలు మట్టిరోడ్డు పక్కన కూర్చుని ఉంటారు. మినాస్ రాష్ట్రపు కొండల చర్చి కోరస్, బీటిల్స్, పొడుగ్గా పోయే మిల్టన్ గొంతు.

మన దేశానికి సంబంధించినది ఒకటి మర్చిపోయారు. బహియా రాజధాని సాల్వడోర్ కార్నివాల్‌లో "గాంధీ కొడుకులు" అనే గుంపు ఉంది. ఫిలియోస్ జి గాంధీ. 1949లో రేవు హమాలీలు పెట్టుకున్నారు, గాంధీ హత్య జరిగి అప్పటికి ఏడాది. తెల్లబట్టలు, తలకి తెల్లటి తలపాగా, మెడలో నీలం తెలుపు పూసలు, చేతిలో లావెండర్ అత్తరు. వాయించేది ఇజెషా, ఆఫ్రికా దేవతల్ని కొలిచే కందోంబ్లే అనే మతంలో వాయించే తాళం. ముందు ఇనప జంటగంట, దాని వెనక డోళ్లు, ఎక్కడా తొందర లేదు. 1970ల మొదట్లో ఈ గుంపు చిక్కిపోతే, లండన్ నుంచి తిరిగొచ్చిన జిల్ వాళ్లలో చేరి పాట కట్టాడు. 1975లో గాయకుడు జోర్జి బెన్‌తో చేసిన ఆల్బమ్‌లో అది ఉంది. ఇద్దరూ గిటార్లతో కూర్చుని ఒకరినొకరు కవ్వించుకుంటూ కొన్ని పాటల్ని పది నిమిషాలు దాటించారు.

కాసియో_కుర్రాడు

ఆగండాగండి. జోర్జి బెన్ పాట "తాజ్ మహల్" నిన్న విన్నా. కోరస్ ఎక్కడో విన్నట్టుంది. నాకే అనిపించిందా?

వరంగల్_బీట్స్

నీకే కాదు అన్నా. రాడ్ స్టీవర్ట్ 1978 డిస్కో హిట్టుల గదే కోరస్ ఉంది. కేసు దాకా పోయింది, ఆ పాట పైసలు యూనిసెఫ్‌కి ఇచ్చిండు. తెల్వకుండ మనసుల పడ్డదని తర్వాత తన పుస్తకంల ఒప్పుకున్నడు. నీ కాసియోల డిస్కో బటన్ గందుకే అరిగిందేమో 😂

నేను బీట్లు చేస్త, గందుకే నాకు పాతదానికంటె కొత్తది ఎక్కువ ఇష్టం. ఫంక్ కారియోకా వినుర్రి. అమెరికాల మయామి బేస్ అనే డాన్సు మ్యూజిక్ రికార్డులు రియో బస్తీలకి వచ్చినయి, పోరగాండ్లు వాటి మీద పోర్చుగీసుల పాడుడు షురూ చేసిండ్రు. 1989ల డీజే మార్ల్‌బొరో మొదటి కలెక్షన్ తీసిండు. తర్వాత దాంట్ల కందోంబ్లే డోళ్ల నడక కలిసి తంబొర్జావ్ అని కొత్త బీట్ పుట్టింది. నేను సాఫ్ట్‌వేర్‌ల దాన్ని ముక్కలు చేసి చూసిన. తీన్‌మార్‌తోని పక్కపక్కన పెడితే దెబ్బలు ఒక్క తీరు పడయి, గని కాలు మాత్రం ఒక్క తీరే లేస్తది. మా బోనాల డప్పోళ్లకి వినిపిస్తే ఒకాయన "సగం కొట్టి ఇడిసిపెట్టిండు గదరా" అన్నడు. గా ఖాళీనే దాని అసలు సంగతి.

కోరింగ_పీత

కాకినాడ నుంచి. రెసీఫె పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ! బ్రెజిల్ ఈశాన్యంలో మడ అడవుల్లో కట్టిన ఊరు. 1990ల్లో షీకో సైన్స్ అనే గాయకుడు, అతని నసావ్ జుంబీ బృందం మాంగెబీట్ అని మొదలెట్టారు. మాంగె అంటే మడ. 1992 నాటి వాళ్ల ప్రకటన పేరు "బుర్ర ఉన్న పీతలు". బొమ్మ ఏంటంటే, మడ బురదలో పాతిన డిష్ యాంటెన్నా. మరకతు ఊరేగింపుల్లో తాళ్లతో బిగించే ఆల్ఫాయా డోళ్లు, వాటి మీద మెటల్ గిటార్, హిప్‌హాప్ మాట. "బురద నుంచి కల్లోలానికి", 1994. నేను పీతల వలల మధ్య పుట్టినవాణ్ణి, ఆ డోళ్లు పొట్టలో తగుల్తాయి, చెవిలో కాదు. షీకో 1997లో కారు ప్రమాదంలో పోయాడు, ముప్పై దాటాడో లేదో. రెండే ఆల్బమ్‌లు.

వాళ్ల రికార్డు ఒరిజినల్ ప్రెస్సింగ్ అని ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నా. వచ్చింది చూస్తే అప్పడంలా వంగి ఉంది, పైగా మొన్నమొన్న అచ్చేసింది. డబ్బులడిగితే "వేడి దేశం కదండీ" అన్నాడు. రికార్డులు కొనేటప్పుడు లోపలి అంచు మీద గీసిన నంబరు ఫొటో అడగండి.

నైట్‌షిఫ్ట్_నళిని

కొత్తవాటిలో నేను ఒక్కటే చెబుతా, మిగతావి మీరే వెతుక్కోండి. గాయని ఎల్జా సోరెస్, 2015, "ప్రపంచపు చివరనున్న స్త్రీ". 1950ల్లో ఈమె రేడియో పాటల పోటీకి వెళ్లినప్పుడు బక్కపిల్ల, అమ్మ బట్టలు పిన్నీసులతో బిగించుకుని. నడిపేవాడు ఆరీ బరోసో, పెద్ద సంగీతకర్త. జనం నవ్వుతుంటే, ఏ గ్రహం నుంచి వచ్చావని అడిగాడు. మీ గ్రహం నుంచే, ఆకలి గ్రహం నుంచి అంది. ఆ తర్వాత 60 ఏళ్లకి, నడుము నిలవని స్థితిలో, సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని సావో పాలో కుర్రాళ్లతో ఈ ఆల్బమ్ పాడింది. సాంబా ఉంది, పంక్ ఉంది, గిటార్లు రంపాల్లా కోస్తాయి. ఒక పాటలో కొట్టే మొగుడికి వార్నింగు ఇస్తూ పోలీసు హెల్ప్‌లైన్ నంబరు 180 చెబుతుంది. ఆమె గొంతులో ఆ గరగర చూడండి, గొంతు పాడై వచ్చింది కాదు, మొదట్నించీ ఉన్నదే.

సావోపాలో_రిటర్న్

చిన్న సవరణ నళినీ, 180 పోలీసులది కాదు, ఆడవాళ్ల సహాయానికి ప్రత్యేకంగా పెట్టిన నంబరు.

ఎమిసీదా చేర్చనా? ర్యాపర్. 2019లో "అమరెలో" ఆల్బమ్‌ని సావో పాలో మునిసిపల్ థియేటర్లో పాడాడు. అది ఒపెరా భవనం, నల్లవాళ్ల ఐక్య ఉద్యమం అనే సంస్థ 1978లో మొదలైంది ఆ మెట్ల మీదే. టైటిల్ పాటలో ముందు వినిపించే గొంతు పాత గాయకుడు బెల్కియోర్‌ది, 1976 నాటిది. నలభై ఏళ్ల నాటి పాట మధ్యలోకి కొత్త కుర్రాళ్లు నడిచొచ్చినట్టుంటుంది.

నైట్‌షిఫ్ట్_నళిని

సవరణకి థాంక్స్ అన్నా. రాత్రి మూడింటికి రాస్తే ఇలాగే ఉంటుంది.

కాసియో_కుర్రాడు

మూడు వారాలైంది, వచ్చి చెబుదామని. మాస్టారూ, 1973 పాట మీద రోజూ తొడ వాయిస్తున్నా. మొదట్లో రెండో పాదానికే పోయేది, ఇప్పుడు అయిదో పాదం దాకా వచ్చా. నేను ఆయన గొంతు వెంట పడినంతసేపూ చెయ్యి తప్పుతోంది. బొటనవేలిని వింటూ గొంతుని వదిలేస్తే నిలబడుతోంది.

కార్తోలా పెట్టినప్పుడు అమ్మ వచ్చి కూర్చుంది. ఈసారి ఒంట్లో బాలేదా అనలేదు. "ఈయనకి పెళ్లాం ఉందా?" అంది. అట్ట చూపించా. "ఆ, అనుకున్నా" అని లేచి వెళ్లింది.

మృదంగం67

సరైన దారిలో ఉన్నావు. ఆ కాసియో ఇంకా ఉంటే బోసా నోవా బటన్ నొక్కి, రికార్డు చేసి ఇక్కడ పెట్టు. అందులో ఏ దెబ్బ వదిలేశారో చూద్దాం.

కాసియో_కుర్రాడు

అటక మీంచి దించా మాస్టారూ. బ్యాటరీలు కారి లోపలంతా పచ్చగా అయింది. తుడిచి పెడితే ఆన్ అయింది గానీ బోసా నోవా పలకట్లేదు. సాంబా మాత్రం మోగుతోంది.

సావోపాలో_రిటర్న్

నేను మొదట్నించీ ఏం చెబుతున్నా?